పోలీసుల ఛాతీ మీద కెమెరా: ఫిర్యాదు చేసేవారికి ఎంతవరకు అండ?

2023 జనవరిలో అమెరికాలోని సియాటెల్‌లో పోలీసు వాహనం ఢీకొని కర్నూలు జిల్లాకు చెందిన 23 ఏళ్ల విద్యార్థిని చనిపోయారు. ఆ తర్వాత ఓ పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు, 11 వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందన్నట్టు మాట్లాడారు. ఒంటి మీదున్న బాడీ కెమెరా ఆన్‌లోనే ఉండటంతో ఆ మాటలు రికార్డయ్యాయి. లాయర్లు ఎలా వాదిస్తారో ఎగతాళి చేశానని ఆయన చెప్పుకున్నారు. 2024 జులైలో ఆయన ఉద్యోగం పోయింది.

కెమెరా లేకపోతే ఆ మాటలు బయటికి వచ్చేవే కావు. అయితే పని చేసింది కెమెరా ఒక్కటే కాదు. రికార్డింగులు చూసే ఉద్యోగి దాన్ని గుర్తించి పైవాళ్లకు చెప్పారు. పౌర అధికారి నడిపే జవాబుదారీ కార్యాలయం విచారణ జరిపింది. వీడియోను జనం ముందు పెట్టారు.

కెమెరా ఉంటే ఫిర్యాదులు తగ్గుతాయా?

దీనికి రెండు రకాల జవాబులున్నాయి. కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న నగరంలో 2012-13లో పోలీసులకు కెమెరాలు ఇచ్చి చూశారు. అంతకుముందు ఏడాది 24 ఉన్న ఫిర్యాదులు 3కి పడిపోయాయి. వాషింగ్టన్‌లో 2 వేల మందికి పైగా పోలీసులపై చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. అక్కడ ఫిర్యాదుల్లో గానీ, బలప్రయోగంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఎందుకీ తేడా? ఒక ముఖ్య కారణం స్విచ్ ఎవరి చేతిలో ఉందన్నదే. ఎప్పుడు ఆన్ చేయాలో పోలీసు ఇష్టానికే వదిలేస్తే ఫలితం తారుమారవుతుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి. ఫిర్యాదులు తగ్గినంత మాత్రాన పోలీసుల తీరు మారిందనీ చెప్పలేం. వీడియో ఉందని తెలిసి తప్పుడు ఫిర్యాదులు తగ్గి ఉండొచ్చు, భయంతో బాధితులే వెనక్కి తగ్గి ఉండొచ్చు.

మన దగ్గర చట్టం ఏం చెబుతోంది?

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల దగ్గర బాడీ కెమెరాలు మీరు చూసే ఉంటారు. వీడియో రికార్డింగుకు సంబంధించి మీకు ఉపయోగపడే నిబంధనలు మరో రెండు ఉన్నాయి.

• సోదాలు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. దాన్ని ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి.
• పోలీస్ స్టేషన్లు: లాకప్, రిసెప్షన్, వరండాలతో సహా స్టేషన్ అంతటా రాత్రిపూట కూడా కనిపించే, మాట వినిపించే సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. రికార్డింగును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది భద్రపరచాలి. అవి పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే.

మీకు ఇబ్బంది ఎదురైతే?

1. తేదీ, సమయం, చోటు, పోలీసు పేరు లేదా వాహనం నంబరు అప్పటికప్పుడే రాసుకోండి. ఇవి లేకపోతే ఏ వీడియో వెతకాలో ఎవరికీ తెలియదు.
2. ఆ సమయంలోని వీడియోను చెరిపేయకుండా ఉంచాలని ఎస్పీకి లేదా కమిషనర్‌కు వెంటనే రాతపూర్వకంగా కోరండి. అందినట్టు రశీదు తీసుకోండి.
3. సమాచార హక్కు చట్టం కింద ఫుటేజీ అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తుకు అడ్డంకి అంటూ నిరాకరిస్తే అప్పీలు చేసుకోవచ్చు.
4. హక్కుల ఉల్లంఘన జరిగితే మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి.

వీటిలో రెండోదే అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని. బాడీ కెమెరా తీసిన వీడియో ఉండేది పోలీసు శాఖ దగ్గరే. సమయానికి మీరు అడగకపోతే, విచారణ మొదలయ్యేసరికి అది చెరిగిపోయి ఉండొచ్చు.