వరుసలు – పిలుపులు

పెళ్లివారింటికి దూరపు ఊరి నుంచి చుట్టం ఒకరు వస్తారు. ఇంట్లోని పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి పెద్దవారు ఆయనను చూపిస్తారు. అప్పుడు వారు మొట్టమొదట చెప్పేది ఆయన పేరు కాదు, ఉద్యోగం కాదు. “ఈయన నీకు పెదనాన్న అవుతాడు” అని చెబుతారు. పక్కనే ఉన్న ఆమెను చూపించి, “ఈమె నీకు అత్త వరుస” అంటారు. ఆ ఒక్క మాటతో పిల్లవాడికి చాలా సంగతులు తెలుస్తాయి. ఎవరి దగ్గర చనువుగా ఉండవచ్చునో, ఎవరి ముందు అణకువగా ఉండాలో, ఎవరితో హాస్యమాడవచ్చునో అతనికి బోధపడుతుంది. ఇలా ఒక మనిషికి మరొక మనిషి ఏమవుతారో తెలిపే క్రమాన్నే తెలుగువారు ‘వరుస’ అంటారు.

ఇంగ్లీషులో ‘అంకుల్’ అనే ఒక్క మాట తండ్రి అన్నకు, తండ్రి తమ్ముడికి, తల్లి సోదరుడికి, అత్త భర్తకు, పిన్ని భర్తకు కూడా సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. తండ్రి అన్న పెదనాన్న. తండ్రి తమ్ముడు చిన్నాన్న లేక బాబాయి. తల్లి సోదరుడు మేనమామ. తల్లి అక్క పెద్దమ్మ లేక దొడ్డమ్మ. తల్లి చెల్లెలు పిన్ని లేక చిన్నమ్మ. తండ్రి సోదరి మేనత్త. ఇన్ని మాటలు ఎందుకు అని కొందరికి తోచవచ్చు. కాని వీటి వెనుక ఒక చక్కని లెక్క ఉన్నది.

ఆ లెక్క ఇది. తండ్రితో పుట్టిన మగవారు తండ్రివంటివారు. అందుకే వారి పిలుపులో ‘నాన్న’ అనే మాట ఉంటుంది. తల్లితో పుట్టిన ఆడవారు తల్లివంటివారు. అందుకే వారి పిలుపులో ‘అమ్మ’ అనే మాట ఉంటుంది. వీరి పిల్లలందరూ అన్నలు, తమ్ములు, అక్కలు, చెల్లెళ్లు అవుతారు. తండ్రి సోదరి అత్త, తల్లి సోదరుడు మామ. వీరి పిల్లలు అన్నదమ్ములు కారు. బావలు, మరదళ్లు, వదినలు, మరుదులు అవుతారు. క్లుప్తంగా చెప్పాలంటే అన్నదమ్ముల పిల్లలు తోబుట్టువుల వరుస, అక్కచెల్లెళ్ల పిల్లలు కూడా తోబుట్టువుల వరుస, అన్నాచెల్లెళ్ల పిల్లలు మాత్రం బావామరదళ్ల వరుస. ఈ ఒక్క సూత్రం తెలిసినవారికి ఎంత దూరపు చుట్టమైనా ఏమవుతారో తేల్చడం కష్టం కాదు.

తెలుగులో పెళ్లి ద్వారా వచ్చే బంధువులకు కూడా ఈ మాటలే వాడతారు. భార్యకు గాని భర్తకు గాని తండ్రి అయినవాడు మామ, తల్లి అత్త. భర్త అన్న బావ. అక్క భర్త కూడా బావే. కొడుకు భార్య కోడలు, కూతురి భర్త అల్లుడు. పుట్టుకతో వచ్చిన బంధువుకు, పెళ్లితో వచ్చిన బంధువుకు తేడా చెప్పవలసి వచ్చినప్పుడు ‘మేన’ అనే మాట ముందు చేరుస్తారు. మేనమామ, మేనత్త, మేనకోడలు, మేనల్లుడు అలా ఏర్పడినవే. రెండు రకాల బంధువులకూ ఒకే మాట ఉండటానికి కారణం మేనరికం. మేనమామ కూతురినో, మేనత్త కూతురినో పెళ్లాడే ఆచారం పూర్వం విరివిగా ఉండేది. అలా చేసుకున్నప్పుడు మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు, మేనత్తే అత్తగారు అవుతుంది. ఆచారం భాషలో అలా నిలిచిపోయింది.

ఈ లెక్క విద్వాంసులను కూడా ఆకర్షించింది. లూయీ హెన్రీ మోర్గన్ అనే అమెరికా న్యాయవాది లోకంలోని అనేక జాతుల బంధువాచకాలను సేకరించి 1871లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆ పట్టికలలో తమిళ, తెలుగు, కన్నడ పదాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని సెనెకా అనే ఆదివాసుల బంధుత్వపు లెక్కకు, దక్షిణ భారతదేశపు లెక్కకు గల పోలిక చూచి ఆయన ఆశ్చర్యపడ్డాడు. ఆ తరువాత పుణెలో పనిచేసిన ఇరావతీ కర్వే 1953లో భారతదేశంలోని బంధుత్వ పద్ధతుల గురించి గ్రంథం రాసింది. ఆమె దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలను దక్షిణ మండలంలోను, మహారాష్ట్రను, ఒరిస్సాను మధ్య మండలంలోను చేర్చింది.

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విభజన పుస్తకంలోని సంగతి మాత్రమే కాదు, దినదినమూ అనుభవంలోకి వచ్చే విషయం. హోసూరులోనో, కోలారులోనో, బళ్లారిలోనో ఉన్న తెలుగు పిల్లవాడికి పొరుగింటి వరుసలు వింతగా తోచవు. తమిళుల పెరియప్పా, చిత్తప్పా, మామా, అత్తై. కన్నడిగుల దొడ్డప్ప, చిక్కప్ప, మావ, అత్తె అన్నీ అతని ఇంటి లెక్క ప్రకారమే నడుస్తాయి. మాట మారుతుంది గాని లెక్క మారదు. షోలాపూరులోనో, బరంపురంలోనో ఉన్న పిల్లవాడికి మాత్రం కొంత తేడా కనిపిస్తుంది. మరాఠీలో తల్లి సోదరి మావశి, ఒడియాలో మావుసి. ఆ మాటల్లో ‘అమ్మ’ వినిపించదు. మేనమామ కొడుకును మరాఠీవారు ‘మామేభావు’ అంటారు. భావు అంటే సోదరుడు. ఒడియావారికి కూడా మేనమామ కొడుకు సోదరుల లెక్కలోనివాడే. తెలుగు పిల్లవాడు ఇంట్లో ‘బావా’ అని పిలిచే మనిషినే, పక్కింటి స్నేహితునికి పరిచయం చేసేటప్పుడు సోదరుడని చెప్పవలసి వస్తుంది. రెండు లెక్కలూ తెలిసి ఉండటం లోపం కాదు. అది ఆ పిల్లవాడికి దక్కిన అదనపు జ్ఞానం.

తెలుగులో కూడా అన్ని చోట్లా ఒకే పిలుపు లేదు. కోస్తాలో నాయనమ్మను కొందరు మామ్మ అంటారు; రాయలసీమలో జేజి, అవ్వ అనే పిలుపులు ఉన్నాయి. తెలంగాణలో తండ్రిని బాపు అని, చిన్నాన్నను కాక అని పిలిచే ఇళ్లు ఉన్నాయి. మరాఠీవారు కూడా చిన్నాన్నను కాకా అనే అంటారు. ఒడియాలో నాయనమ్మ జేజేమా. తమిళనాట స్థిరపడిన కొన్ని తెలుగు కుటుంబాలలో నాన్నను ‘నైనా’ అని పిలుస్తారు. గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో చుట్టుపక్కల ఊళ్లలో వినిపించే మావయ్య, పిన్ని, బాబాయి అనే పిలుపులే వినిపిస్తాయి. వీటిలో ఏది సరైనది అనే ప్రశ్న తగదు. ఏ ఇంటి పిలుపు ఆ ఇంటికి సొంతం. బడి పుస్తకంలో లేనంత మాత్రాన అది తప్పు కాదు.

వరుసలు ఇంటి గడప దగ్గర ఆగిపోవు. పల్లెటూళ్లలో రక్తసంబంధం లేనివారికి కూడా వరుస కలుపుతారు. అమ్మ పుట్టింటి ఊరివాడైతే మామ, నాన్న ఈడువాడైతే బాబాయి. కులం వేరైనా, మతం వేరైనా, ఇరుగుపొరుగువారు ఒకరినొకరు మామా అని, బావా అని, అక్కా అని పిలుచుకోవడం చాలా ఊళ్లలో ఉన్నది. వలసవచ్చిన చోట ఇది మరింత అవసరమవుతుంది. చుట్టాలందరినీ సొంత ఊళ్లో వదలి వచ్చిన కుటుంబానికి పక్కింటివారే పిన్ని, బాబాయి అవుతారు. జ్వరం వచ్చిననాడు గంజి కాచి ఇచ్చేది, తల్లి పనికి పోయిననాడు పిల్లను చూచేది అలా వరుస కలిపిన మనుషులే. పిలుపు ముందు వస్తుంది. పిలిచినందుకు తగిన బాధ్యత వెనుక వస్తుంది.

అయితే వరుసల గురించి మంచి మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఊళ్లో వరుస కలిపే మర్యాద అందరికీ సమానంగా దక్కలేదు. తక్కువ కులమని చెప్పి, తాత వయసు గల పనివాణ్ణి ఇంటి యజమాని పిల్లలు పేరుపెట్టి, ఏకవచనంలో పిలిచేవారు. ఆ ముసలివాడు మాత్రం ఆ పసివాణ్ణి ‘అయ్యా’ అనో, ‘దొరా’ అనో పిలవవలసి వచ్చేది. తరతరాలుగా మింగిన ఆ అవమానం చిన్నది కాదు. అది ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే దానిని పోగొట్టవలసిన భారం కొత్త తరం మీద ఉన్నది. వయసులో పెద్దవారిని, వారు ఏ పని చేసేవారైనా, తాతా అని, పెద్దమ్మా అని పిలవడానికి ఖర్చేమీ లేదు.

మేనరికాల విషయం కూడా అటువంటిదే. ఒకే తాతకు మనుమలైన ఇద్దరిలో ఒకే రకం లోపం గల జన్యువు ఉండే అవకాశం హెచ్చు. అది తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా సంక్రమిస్తే బిడ్డకు కొన్ని పుట్టు వ్యాధులు రావచ్చు. అందువల్ల దగ్గర సంబంధాలు చేసుకోవద్దని వైద్యులు సలహా ఇస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇటువంటి దగ్గరి పెళ్లిళ్లను, ఆచారం ఉన్నచోట తప్ప, అనుమతించదు. ఆచారం తగ్గినా మాట పోనక్కరలేదు. బావను పెళ్లాడకపోయినా బావ బావే. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే మేనమామ, చెవులు కుట్టేటప్పుడు పసిబిడ్డను ఒడిలో పెట్టుకునే మేనమామ వేడుకలలో నేటికీ కావలసినవాడే.

నేడు ఈ మాటలకు రెండు వైపుల నుంచి ముప్పు ఉన్నది. ఒకటి అంకుల్, ఆంటీ అనే పిలుపులు. ఇవి తేలిక, ఎవరినైనా ఏ లెక్కా లేకుండా పిలవవచ్చు. రెండవది కుటుంబం చిన్నదవడం. తల్లికి తోబుట్టువులు లేకపోతే బిడ్డకు పిన్ని ఉండదు, మేనమామ ఉండడు. తండ్రి కూడా ఒక్కడే సంతానమైతే బాబాయి, మేనత్త ఉండరు. అటువంటి ఇంట్లో ఈ మాటలు నిఘంటువులో మిగులుతాయి గాని నోట పలకవు. పూర్వం ముచ్చటకు కలిపిన వరుసను ఇకమీదట అవసరానికి కలపవలసి ఉంటుంది. పొరుగింటి ఆమెను ఆంటీ అనడానికి బదులు పిన్నీ అంటే, ఒక మాటా బతుకుతుంది, ఒక చుట్టమూ దొరుకుతుంది.

ఇతర రాష్ట్రాలలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలలో కొందరికి చదవడం రాదు, రాయడం రాదు. వీధిలో మాట్లాడేది వేరొక భాష. అయినా అమ్మమ్మను అమ్మమ్మ అనే పిలుస్తారు. అన్ని మాటలూ జారిపోయిన ఇంట్లో కూడా చివరిదాకా నిలిచేవి ఈ పిలుపులే. వాటిని నిలుపుకోవడానికి పెద్ద ప్రయత్నం అక్కరలేదు. ఒక సాయంత్రం ఇంటి పెద్దావిడ పక్కన కూర్చొని, ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి, ఒక కాగితం మీద తెలుగులో రాసుకుంటే చాలు. ఆమె చెప్పే పేర్లలో ఎన్నడూ చూడని మనుషులుంటారు. ఎన్నడూ వినని పిలుపులుంటాయి. ఆమె ఉన్నప్పుడే అడగాలి. తరువాత అడుగుదామంటే చెప్పేవారు ఉండరు.