చర్చకు ఏ విషయం తీసుకోవాలి?

పిల్లలూ! మీ బడిలో చర్చలు జరుగుతాయా? ఒక జట్టు "అవును" అంటుంది, ఇంకొక జట్టు "కాదు" అంటుంది. మిగిలినవాళ్ళు చప్పట్లు కొడతారు. చివరకు పెద్దసారు లేచి ఎవరు బాగా మాట్లాడారో చెబుతారు. ఇదంతా మీకు తెలిసిందే. కాని మాట్లాడటానికి ముందే జరగవలసిన పని ఒకటి ఉన్నది. అది విషయాన్ని ఎన్నుకోవటం. ఆ పని సరిగా జరగకపోతే ఎంత గొప్పగా మాట్లాడినా లాభం లేదు. ఈ సంగతి నాకు ఒక పిల్లవాడు నేర్పాడు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. మా పాలమూరు ప్రాంతంలో ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కూలీలు గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకూ, కాలువల పనులకూ దూరప్రాంతాలకు పోతున్నారని పత్రికలలో తరచు రాసేవారు. "తాజా వార్త కదా!" అనుకుని నేను ఎనిమిదో తరగతి బోర్డు మీద ఇలా రాశాను: "ఊరు విడిచి వలస పోవటం తప్పా, ఒప్పా?"

చురుకైన కుర్రవాడొకడు లేచాడు. వలస పోయేవారికి కన్న ఊరి మీద ప్రేమ లేదన్నాడు. వాళ్ళు పిల్లల చదువు పాడు చేస్తారన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. వెనక వరసలో ఒక పిల్లవాడు తల వంచుకుని కూర్చున్నాడు. "నువ్వేమీ చెప్పవేమిరా?" అని అడిగాను.

"మా అమ్మా నాయినా పూనాకు పోయిండ్రు సార్. నేను మా అవ్వ తాన ఉన్న. వాళ్ళు తప్పు చేసిండ్రని చెప్పాల్నా?" అన్నాడు వాడు.

నాకు నోట మాట రాలేదు. తప్పు ఉపన్యసించిన కుర్రవాడిది కాదు, చప్పట్లు కొట్టినవాళ్ళదీ కాదు. బోర్డు మీద ఆ ప్రశ్న రాసిన నాది. కరువును గురించి, పనిని గురించి అడగవలసిన నేను, వాడి తల్లిదండ్రులను దోషులలాగా నలుగురిలో నిలబెట్టాను.

ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏ వార్తనైనా చర్చకు పెట్టేముందు నన్ను నేను నాలుగు ప్రశ్నలు అడుగుతూ వచ్చాను. అవి మీకూ పనికి వస్తాయి.

మొదటి ప్రశ్న: ఇది వాదించవలసిన విషయమా, లేక కొలిచి తేల్చవలసిన విషయమా? మా పాన్‌గల్‌లో గుట్ట మీద పాత కోట ఉన్నది. ఆ గుట్ట ఎత్తెంత అన్నది చర్చకు పనికి రాదు. కొలిస్తే తేలిపోతుంది. పది మంది చేతులెత్తినంత మాత్రాన గుట్ట ఒక్క జానెడు కూడా పెరగదు. కాని, "కోట మీదికి బండ్లు పోయే రోడ్డు వేయవచ్చునా?" అంటే అది చర్చ. రోడ్డు వేస్తే ముసలివాళ్ళు కూడా కోట చూడవచ్చు, నలుగురు వస్తే ఊరిలో వ్యాపారం జరుగుతుంది. కాని రాళ్ళు పగలగొట్టాలి, చెట్లు కొట్టాలి, పాత గోడలకు దెబ్బ తగలవచ్చు.

రెండవ ప్రశ్న: రెండు వైపులా న్యాయం ఉన్నదా? మా పొరుగున నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాదు పులుల అభయారణ్యం ఉన్నది. అక్కడ యురేనియం కోసం అన్వేషణ జరపాలన్న ప్రతిపాదన 2019లో పెద్ద వార్త అయింది. యురేనియం పరమాణువు కేంద్రం చీలినప్పుడు చాలా వేడి పుడుతుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి, ఆవిరితో యంత్రాలు తిప్పి విద్యుత్తు తీస్తారు. దీనికి బొగ్గు కాల్చనక్కరలేదు, పొగ రాదు. ఇది ఒక పక్షం. ఆ అడవి చెంచుల ఇల్లు, పులుల ఇల్లు. దాని పక్కనే కృష్ణానది పారుతున్నది. ఆ నీరు చెడితే ఎవరు బాగుచేస్తారు? ఇది రెండవ పక్షం. ప్రజలు ఆందోళన చేశారు. ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

ఇంత పెద్ద సంగతిని "యురేనియం మంచిదా, చెడ్డదా?" అని అడిగితే చెడిపోతుంది. ఖనిజానికి మంచీ చెడూ ఏమిటి? "అడవిలో బతికేవారు వద్దంటే తవ్వకం ఆపవలెనా?" అని అడిగి చూడండి. అప్పుడు ఇరుపక్షాలకూ చెప్పటానికి గట్టి మాటలు దొరుకుతాయి.

మూడవ ప్రశ్న: పిల్లలు స్వయంగా వెళ్ళి తెలుసుకోగలరా? 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 జిల్లాలయినాయి. 2019లో ఇంకో రెండు చేరి మొత్తం 33 అయినాయి. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినాయి. మా పాన్‌గల్ వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఆ ఆగస్టులో ప్రకటించిన ముసాయిదాలో గద్వాల పేరు లేదు. అక్కడి ప్రజలు గట్టిగా ఆందోళన చేసిన తరవాత అది చేరింది.

"చిన్న జిల్లాల వల్ల ప్రజలకు మేలా?" అన్నది మంచి చర్చావిషయం. ఎందుకంటే దీనికి సాక్ష్యం మీ వాకిట్లోనే దొరుకుతుంది. కలెక్టరు కచేరీకి పోవాలంటే ఒకప్పుడు ఎంత దూరం పోయేవారో, బస్సు చార్జీ ఎంతయ్యేదో, ఎన్ని పూటల కూలి పోయేదో తాతను అడగండి. ఇప్పటి సంగతి నాయనను అడగండి. కొత్త భవనాలకూ, కొత్త ఉద్యోగులకూ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో పంతులుగారిని అడగండి. వార్త వచ్చిన రోజే చర్చ పెట్టకండి. మొదటిరోజు చెప్పిన లెక్కలు నాలుగోరోజుకు మారుతాయి. ఒక వారం ఆగి, రెండు పత్రికలు చదవండి. ఫోనులో ఎవరో పంపిన మాటను సాక్ష్యంగా తీసుకోకండి.

సాక్ష్యంతో జవాబు చెప్పటం ఎలాగో మా ప్రాంతంవాడే ఒకాయన చూపించాడు. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. ఆ రోజులలో తెలంగాణంలో కవులే లేరని ఒకరు రాశారు. ప్రతాపరెడ్డిగారు తిట్టి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు సేకరించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" ప్రచురించారు. ఇక వాదించేదేమున్నది? తరవాత 1952లో ఆయన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయినారు.

నాలుగవ ప్రశ్న అన్నిటికన్న ముఖ్యం: ఈ విషయం తరగతిలో ఎవరి ఇంటినైనా దోషిగా నిలబెడుతున్నదా? అలాగని కష్టాలను గురించి మాట్లాడనేకూడదని కాదు. వార్త అదే ఉండవచ్చు, ప్రశ్నను మార్చాలి.

నేను అదే చేశాను. మరుసటి నెల బోర్డు మీద ఇలా రాశాను: "మన ఊరిలోనే ఏడాది పొడుగునా పని దొరకాలంటే ముందు కావలసింది సాగునీరా, చేతిపనులా?" వెనక వరస పిల్లవాడు ఈసారి చేతిపనుల పక్షాన లేచాడు. మేస్త్రీ దగ్గర అప్పు ఏ నెలలో తీసుకుంటారో, అది తీరటానికి ఎన్ని నెలలు పని చేయాలో, నీళ్ళు వచ్చినా పొలం లేనివాడికి ఏ నెలలలో పని ఉండదో వేళ్ళు మడిచి చెప్పాడు. ఆ లెక్క తరగతిలో ఇంకెవరికీ తెలియదు. నాకూ తెలియదు.

ఆ రోజు వాడి జట్టు ఓడిపోయింది. సాగునీటి జట్టు గెలిచింది. ఆ జట్టు నాయకుడు ఎవరనుకున్నారు? మొదటిసారి ఉపన్యసించిన చురుకైన కుర్రవాడే. గంట కొట్టిన తరవాత ఇద్దరూ కలిసి గేటు దాటటం చూశాను. "మీ అమ్మా నాయినా ఎప్పుడొస్తరు?" అని వాడు అడుగుతున్నాడు. "ఉగాదికి," అన్నాడు వీడు.

పిల్లలూ, ఈ ఆదివారం మీ ఇంట్లోవాళ్ళతో కలిసి పత్రిక చదివి, ఒక వార్త ఎన్నుకోండి. దానిని ఒక ప్రశ్నగా రాయండి. ఈ నాలుగు పరీక్షలలోనూ అది నిలిస్తే మీ సారుకు ఇవ్వండి. నిలవకపోతే పారవేయకండి. మాటలు మార్చి మళ్ళీ రాయండి.