ప్రార్థనకు ఇన్‌హేలర్ అడ్డు కాదు

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉండి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి మరో 15 ఏళ్ల ఆయుష్షు వాగ్దానం చేశాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టించాడు (యెషయా 38). మాట ఇచ్చిన దేవుడే ముద్దనూ వాడుకున్నాడు. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో మేము తరచుగా చెప్పే సంగతి ఇదే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పక్కన ఉండే కుటుంబాలకు దుమ్ము, పొగ కొత్త కాదు. డిసెంబరు చలి, పండుగ టపాసులు తోడైతే పిల్లికూతలు మొదలవుతాయి. కానీ ఇన్‌హేలర్ మాత్రం బీరువాలో బట్టల కింద దాగి ఉంటుంది. 'అలవాటైపోతుంది పాస్టరుగారూ' అంటారు. 'ఆడపిల్ల, రేపు సంబంధాలు రావాలి' అంటారు. ఉపవాస ప్రార్థన నుంచి వస్తూనే స్వస్థత అయిందని మాన్పించేవారూ ఉన్నారు.

ఇన్‌హేలర్ వ్యసనం కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక మాత్రలకన్నా చాలా తక్కువ మోతాదు చాలు. ఆయాసం లేని రోజుల్లోనూ గొట్టాల లోపలి వాపు ఉండవచ్చు. అందుకే రోజూ వాడమన్నదాన్ని డాక్టరుగారిని అడగకుండా ఆపకూడదు. అసలు ఈ సాధనం ఒక పిల్ల ప్రశ్నలోంచే పుట్టింది. 1955లో అమెరికాలోని రైకర్ మందుల కంపెనీ అధిపతిని, ఉబ్బసంతో బాధపడే కూతురు, తన మందు కూడా జుట్టు స్ప్రేలా డబ్బాలో ఎందుకు రాదని అడిగింది. మరుసటి ఏడాదే ఇన్‌హేలర్ అమ్మకానికి వచ్చింది.

ప్రతి జూన్‌లో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం గంటలకొద్దీ వరుసలో నిలబడేవారిలో మనవాళ్లూ ఉంటారు. పీల్చే పద్ధతి నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు, దానికి మాత్రం తీరిక ఉండదు!

నొక్కడం, పీల్చడం ఒకేసారి చేయడం పిల్లలకు కష్టం. మందు గొంతులోనే ఆగిపోతుంది. అందుకు స్పేసర్ కావాలి. చంటిపిల్లలకైతే దానికి మాస్కు తగిలించాలి. పిల్లవాణ్ని నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి స్పేసర్‌కు అమర్చాలి. పెదవులు గట్టిగా మూయించి, ఒక్కసారే నొక్కి, ఐదారుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలమనాలి. రెండో మోతాదుకు ముందు అర నిమిషమైనా ఆగి, మళ్లీ కుదపాలి. స్టెరాయిడ్ మందైతే తర్వాత నోరు పుక్కిలించాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. మాటతో చెప్పి వదిలేయకుండా, డాక్టరుగారి ముందే పిల్లవాడి చేత చేయించి చూడండి.

సండే స్కూల్ టీచర్లకు ఏ పిల్లకు ఉబ్బసం ఉందో, ఇన్‌హేలర్ ఏ సంచిలో ఉందో తెలిసి ఉండాలి. ఆయాసం తగ్గించే మందు ఇచ్చినా తగ్గకపోయినా, పిల్ల మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలమైనా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. వాహనం వచ్చేదాకా డాక్టరు చెప్పినట్లు స్పేసర్‌తో మందు ఇస్తూనే ఉండాలి, ప్రార్థన కూడా ఆ పిల్ల పక్కనే కూర్చుని చేయవచ్చు.