భోపాల్‌పట్నం: బడి సెలవులకు, అడవి పనులకు కుదరని లెక్క

వేసవి సెలవులంటే తెలుగు పిల్లలకు సాధారణంగా అమ్మమ్మగారి ఊరు గుర్తుకు వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాల్‌పట్నంలో మాత్రం ఆ రోజులు అడవి పనులకు అదను. గోదావరి, ఇంద్రావతి సంగమానికి చేరువలో, తెలంగాణ, మహారాష్ట్రలకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, గోండి, దోర్లీ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి.

రాష్ట్రంలో వేసవి సెలవులు సాధారణంగా మే 1న మొదలై జూన్ 15 వరకు ఉంటాయి. ఎండల తీవ్రత వల్ల 2024లో ఏప్రిల్ 22 నుంచి, 2025లో ఏప్రిల్ 25 నుంచే ప్రభుత్వం సెలవులు ఇచ్చింది. అయితే ఇప్పపువ్వు అంతకు ముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. రాత్రి రాలిన పువ్వును పొద్దెక్కకముందే ఏరుకోవాలి. వార్షిక పరీక్షల కాలమూ అదే.

ఇప్పపువ్వు తరువాత వచ్చే తునికాకు సేకరణ మాత్రం చాలావరకు సెలవుల్లోనే సాగుతుంది. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. బస్తా ధరను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 సీజనులో రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. అంటే కట్టకు అయిదున్నర రూపాయలు. ఆకు కోయడానికి, కట్టలు కట్టడానికి ఇంటిల్లిపాదీ పూనుకుంటేనే ఆదాయం.

మరి పిల్లలు పనిచేయవచ్చా? బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, 14 ఏళ్లలోపు వారు బడి వేళల తరువాత లేదా సెలవుల్లో, ప్రమాదకరం కాని పనుల్లో సొంత కుటుంబానికి సాయపడవచ్చు. కూలికి పోవడానికి ఈ మినహాయింపు వర్తించదు. ఆ తేడా ఎంత ముఖ్యమో 2020 ఏప్రిల్ చూపింది. లాక్‌డౌన్‌లో తెలంగాణలోని ములుగు జిల్లా మిరప చేల నుంచి కాలినడకన ఇంటికి బయలుదేరిన బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల బాలిక దారిలోనే మరణించింది.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఏడాదికి అయిదో తరగతి వరకు 200, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు తప్పనిసరి. ఆ రోజులను తగ్గించే వీలు లేదు. కానీ విద్యా క్యాలెండరును నిర్ణయించే బాధ్యతను అదే చట్టంలోని 9వ సెక్షను స్థానిక సంస్థలకు అప్పగించింది. ఇప్పపువ్వు రాలే వారాలను లెక్కలోకి తీసుకొని పరీక్షలు, సెలవులు అమర్చుకుంటే, ఏరుకునే పువ్వు కోసం పాఠం వదులుకోవలసిన అవసరం పిల్లలకు తగ్గుతుంది.