టీవీ అప్‌డేట్ వచ్చిందా? వెంటనే ఓకే కొట్టకండి!

అరకులో మా ఇంట్లో టీవీకి నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. మొన్నొచ్చిన అప్‌డేట్ ఆ రోజు డేటా మొత్తం తినేసింది, పైగా టీవీ నత్తనడకన పడింది.

ఎందుకిలా? 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్ ఉన్న టీవీ కొత్త సాఫ్ట్‌వేర్‌నీ, యాడ్స్ నిండిన హోమ్ స్క్రీన్‌నీ మోయలేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మన యాప్‌లు, లాగిన్‌లు పోతాయి కానీ పాత వెర్షన్ తిరిగి రాదు.

ఖరీదైన టీవీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2017 ఆగస్టులో శాంసంగ్ పంపిన ఒక అప్‌డేట్‌తో బ్రిటన్‌లో కొన్ని కొత్త మోడళ్లు పనిచేయకుండా పోయాయి.

అందుకే ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసేయండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ముఖ్యమే కాబట్టి పూర్తిగా మానేయొద్దు. రెండు వారాలు ఆగి, మీ మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. ఇప్పటికే స్లో అయిపోయిందా? టీవీ మార్చక్కర్లేదు, ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే చాలు.