పిల్లలకు ప్లేట్‌లెట్లు తగ్గితే అంకె చూసి బెదిరిపోకండి

అమెరికాలో పిల్లల బ్లడ్ రిపోర్టులో ప్లేట్‌లెట్లు 150 నుంచి 450 వరకు ఉంటే నార్మల్. ఇది వేలల్లో లెక్క. మన ఊరి లెక్కలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. మా చిన్నవాడికి నాలుగేళ్లప్పుడు అది 9కి పడిపోయింది. కాళ్ల మీద కమిలిన మచ్చలు, సూదిమొనంత ఎర్రటి చుక్కలు తప్పితే వాడు హుషారుగానే ఆడుకునేవాడు.

డాక్టర్ 'ఐటీపీ' అన్నారు. పూర్తి పేరు ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. చాలాసార్లు వైరల్ ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గిన కొద్ది వారాలకు రోగనిరోధక వ్యవస్థ పొరబడి మన ప్లేట్‌లెట్లనే నాశనం చేస్తుంది. తల్లిదండ్రులకు ముందు కలిగే భయం బ్లడ్ క్యాన్సర్. తెల్ల రక్తకణాలు, హిమోగ్లోబిన్, స్మియర్ పరీక్ష మామూలుగా ఉంటే సాధారణంగా బోన్ మ్యారో పరీక్ష అవసరం పడదు.

"మందు వద్దు, గమనిద్దాం" అని డాక్టర్ అంటే అది నిర్లక్ష్యం కాదు. చికిత్స చేసేది అంకెకు కాదు, రక్తస్రావానికి. మచ్చలు మాత్రమే ఉన్న పిల్లలను మందు లేకుండా గమనించమనే అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2019 మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఎక్కువమందికి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. మావాడికి మూడు నెలలు పట్టింది.

రక్తస్రావం ఎక్కువైతే కొద్దిరోజులు స్టెరాయిడ్లు, లేదా సెలైన్‌లా ఎక్కించే ఐవీఐజీ ఇస్తారు. నెలల తరబడి తగ్గకపోతే ప్లేట్‌లెట్ల తయారీని పెంచే ఎల్‌ట్రాంబోపాగ్, రోమిప్లోస్టిమ్ ఉన్నాయి. బయటి నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కించినా శరీరం వాటినీ నాశనం చేస్తుంది. అందుకే ప్రాణాపాయంలోనే ఎక్కిస్తారు.

మా అత్తగారు ఫోన్‌లో బొప్పాయి ఆకు రసం పట్టమన్నారు. ఆవిడకు తెలిసింది డెంగీ. అది దోమకాటుతో వచ్చే జ్వరం, ఇది వేరు. కానీ ఇండియా వెళ్లొచ్చాక పిల్లలకు జ్వరం వస్తే ఆ ప్రయాణం సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇంట్లో పాటించాల్సినవి: అడ్విల్, మోట్రిన్ పేర్లతో దొరికే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ట్రాంపొలీన్, ఫుట్‌బాల్ లాంటివి కొన్నాళ్లు మానిపించాలి. స్కూల్ నర్సుకూ చెప్పి ఉంచాలి.

తలకు దెబ్బ తగిలినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత ఉన్నా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, మూత్రంలో, మలంలో రక్తం కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మిగతా విషయాల్లో మీ పిల్లల హెమటాలజిస్టు మాటే ప్రమాణం.