పంపు కాదు.. కాయిలూ కాదు!

*నడిరోడ్డు మీద ఆగిపోయిన పాత అంబాసిడర్‌లో తప్పు ఎక్కడుందో తేల్చేదెలా? విజయవాడ ఆటోనగర్‌లో ఓ మేస్త్రి రాసుకున్న నోటుపుస్తకంలోని సంగతులు.*

వింటేజ్ కార్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. శుక్రవారం సాయంత్రానికల్లా పేజీలు ప్రెస్‌కి వెళ్లిపోవాలి. ఫొటోలకు కొదవ లేదు. క్రోమ్ బంపర్లు, తెల్ల టైర్లు, పక్కన తలపాగాలు చుట్టుకున్న యజమానులు బోలెడు. కానీ ఈ ర్యాలీ కార్లంటే నాకు మొదట్నుంచీ కాస్త అనుమానమే. లారీ మీద తెచ్చి, మైదానంలో దించి, తుడిచి, దండేసి, మళ్లీ లారీ ఎక్కించేదాన్ని బండి అని ఎలా అంటాం? పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ తిరిగి, దారిలో మొరాయించి, తిట్లు తిని, మళ్లీ స్టార్టయ్యే కారు గురించి రాద్దామని ఆటోనగర్ దారి పట్టాను.

అక్కడో రేకుల షెడ్డు. మేస్త్రికి అరవై దాటాయి. “పేరు మాత్రం వేయకండి సార్, ఉన్న బళ్లే తెమలట్లేదు” అన్నారు ముందే. కార్ల సంగతులు అడిగితే పెద్దగా మాట్లాడలేదు. టూల్ బాక్సు అడుగు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి చేతిలో పెట్టారు. ఆ తర్వాత నేను వేరే షెడ్డు గడప తొక్కలేదు.

పిల్లలు లెక్కలు చేసుకునే మామూలు పుస్తకమే. గ్రీజు వేళ్ల ముద్రలతో అట్ట నల్లబడింది. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన మూడు గడులు. మొదటిది ‘ఓనరు చెప్పింది’. చివరిది ‘అయినది’. ఈ రెండిట్లోనూ ఒకటి రెండు ముక్కలే. మధ్య గడి మాత్రం పేజీలో సగం ఆక్రమించింది. దాని పేరు ‘కానివి’. బండిలో ఏవేవి బాగున్నాయో, బాగున్నాయని ఎలా తేలిందో అన్నీ అందులో ఉన్నాయి. చెడిపోయినదాన్ని రాసుకునే మెకానిక్కులున్నారు. చెడనివాటిని ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లను నేను చూడలేదు.

ఒక పేజీ చూద్దాం. బండి ఏలూరు మాస్టారిది, మార్క్ 3 అంబాసిడర్. మొదటి గడిలో ఇలా ఉంది: ‘బెజవాడలో ట్యాంకు నిండా కొట్టిస్తే హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగుద్ది. అరగంటకి మళ్లీ స్టార్ట్. ఊళ్లో తిరిగితే ఏ గొడవా లేదు.’

బంకులో పెట్రోలు కల్తీ అని మాస్టారి నమ్మకం. బంకు మార్చినా బండి తీరు మారలేదు. అప్పటికే మూడు షెడ్లు తిరిగారు. ఒకరు కాయిల్, కండెన్సర్ మార్చారు. ఇంకొకరు పెట్రోలు పంపు కొత్తది వేశారు. మూడో ఆయన ‘వేపర్ లాక్’ అని తేల్చేశారు. ఎండాకాలం ఇంజిన్ వేడికి పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. ద్రవాన్ని తోడాల్సిన పంపు ఆవిరిని తోడలేక చేతులెత్తేస్తుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లబరచడం మన డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం. మాస్టారూ అదే చేసేవారు. గుడ్డ కప్పిన ప్రతిసారీ బండి కదిలేది. అందరూ తృప్తిపడ్డారు.

మేస్త్రి పడలేదు. మధ్య గడిలో మొదటి వరుస ఇది: ‘తడిగుడ్డ. గుడ్డ లేకుండా అంతసేపూ ఊరికే కూర్చుంటే?’ తర్వాతిసారి ఆగినప్పుడు మాస్టారిని గుడ్డ వేయకుండా కూర్చోమన్నారు. అరగంటకి బండి స్టార్టయింది. గుడ్డ పక్కన ఇంటూ పడింది.

ఇక ట్యాంకు నింపించి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపారు. షెడ్డులో చల్లారాక పరీక్షిస్తే అన్నీ మంచివే అని తేలతాయి కాబట్టి, బండి చచ్చిన క్షణంలోనే చూడాలన్నది ఆయన పట్టుదల. అనుకున్నచోటే ఆగింది. ముందు కరెంటు సంగతి. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దానికి వేరే ప్లగ్గు తగిలించి, ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించారు. నీలం రంగు స్పార్కు టక్కుటక్కుమని దూకింది. కాయిల్‌కీ కండెన్సర్‌కీ ఇంటూ. ప్లగ్గు వైరు బిగించేసి పెట్రోలు వైపు వచ్చారు. కార్బొరేటర్‌కి వెళ్లే పైపు ఊడదీసి సీసాలో పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టిస్తే చుక్క రాలేదు. పంపు కొత్తది, పైపులో అడ్డేమీ లేదు. ఆయన నడుచుకుంటూ బండి వెనక్కి వెళ్లి ట్యాంకు మూత తిప్పారు. ఉస్సుమని గాలి లోపలికి దూరింది. ఈసారి సెల్ఫ్ కొడితే సీసాలో పెట్రోలు ధారగా పడింది.

మూడో గడిలో మూడే మాటలు: ‘మూతకి చిల్లు లేదు.’

పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే పాత బళ్ల ట్యాంకు మూతకి సన్నని గాలిరంధ్రం ఉంటుంది. మాస్టారి అసలు మూత ఎక్కడో పోయింది, బజార్లో సరిపోయినదేదో కొని పెట్టుకున్నారు. దానికి రంధ్రం లేదు. ట్యాంకు సగమే ఉంటే పైన గాలి చాలా ఉంటుంది, నాలుగు లీటర్లు ఖర్చయినా ఒత్తిడి పెద్దగా తగ్గదు. అంచు దాకా నింపితే పైన గాలే ఉండదు. అవే నాలుగు లీటర్లకి లోపల పంపు లాగలేనంత పీడనలేమి తయారవుతుంది. ఒత్తిడి తగ్గినచోట పెట్రోలు తొందరగా మరుగుతుంది కూడా, కాబట్టి ఎండకీ ఇందులో కొంత వాటా ఉంది. అరగంటలో సందుల్లోంచి మెల్లగా గాలి చేరేది. పేరు తడిగుడ్డకి దక్కేది, నింద బంకుకి పడేది.

పుస్తకంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘సెల్ఫ్ కొడితే చోక్ వైరు కాలుద్ది’ అని ఒక ఓనరు. ఇంజిన్‌నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ తుప్పుపట్టి తెగిపోయింది. స్టార్టర్ కరెంటు తిరిగి వెళ్లడానికి వేరే దారి లేక సన్నని చోక్ వైరుని పట్టుకుంది. ఇంకో బండి ఎప్పుడూ వేడెక్కేది. రేడియేటర్ మార్చారు, వాటర్ పంపు మార్చారు. చివరికి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగిందని తేలింది. స్పార్కు ఆలస్యమైతే మంట పని చేయాల్సినంత చేయదు, ఆ వేడి ఇంజిన్‌లోనే మిగులుతుంది.

చరిత్ర లేకపోతే ఎడిటర్ ఊరుకోరు కాబట్టి గబగబా: బి.ఎం. బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్స్ పెట్టారు. ఫ్యాక్టరీ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో. బ్రిటన్‌వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో 1950ల చివర్లో అంబాసిడర్ వచ్చింది. దశాబ్దాలపాటు దాని గుండె 1489 సీసీ బీఎంసీ ఇంజినే. మార్క్ 2, 3, 4 వచ్చాయి, తర్వాత ఇసుజు ఇంజిన్ వచ్చింది. మంత్రులూ కలెక్టర్లూ ఎక్కారు, టాక్సీలయ్యాయి. 2014 మేలో తయారీ ఆగింది. 2017లో పేరుని 80 కోట్లకు ప్యూజో కంపెనీ కొనుక్కుంది. అయిపోయింది.

నాకు చరిత్ర కన్నా ఈ పుస్తకంలోని లెక్కే ముఖ్యం అనిపించింది. కొత్త కాయిల్‌కి డబ్బులిమ్మంటే ఓనరు మారుమాట్లాడకుండా ఇస్తాడు. తప్పు వెతికినందుకు ఇమ్మంటే బేరమాడతాడు. “మూత మార్చినందుకు ఇంతా అన్నారు మాస్టారు. మూతకి కాదండీ, మూతని తేల్చినందుకు అన్నాను” అని మేస్త్రి నవ్వారు. మెకానిక్కులు సామాన్లు మార్చుకుంటూ పోవడానికి సగం కారణం ఇదే. వెతుకులాటకి కూలి లేదు, సామానుకే ఉంది. పైగా ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ. మార్చినదే చెడ్డదైతే ఒక తప్పు రెండవుతుంది. అందుకే ఆయన షెడ్డులో ఒక నియమం ఉంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, తేడా రాకపోతే పాతదే తిరిగి బిగించాలి. ఆయన బిల్లులో ‘చూసినందుకు’ అని వేరే వరుస ఉంటుంది. పాత కారు ఉంచుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ వరుసకి డబ్బులు ఇవ్వడం నేర్చుకోవాలి.

స్టార్ట్ కాకపోతే: మేస్త్రి వరుస

1. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ పట్టీ బిగుతుగా ఉన్నాయా?
2. ప్లగ్గు దగ్గర స్పార్కు ఉందా? లేకపోతే పాయింట్లు చూడాలి. బీఎంసీ ఇంజిన్‌లో వాటి మధ్య సందు 14 నుంచి 16 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. ప్లగ్గు సందు 25 థౌ.
3. కార్బొరేటర్ దాకా పెట్రోలు వస్తోందా? స్పార్కు పరీక్ష, పెట్రోలు పరీక్ష కలిపి ఎప్పుడూ చేయకూడదు.
4. రెండూ ఉన్నా మొరాయిస్తే టైమింగ్, ప్లగ్గు వైర్ల వరుస. మంట పడే క్రమం 1-3-4-2.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దీన్ని తట్టుకోలేవు. ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే రకం పైపులు వేయించాలి. ఇథనాల్ తేమని పీలుస్తుంది కాబట్టి బండిని నెలల తరబడి కదలకుండా ఉంచకూడదు.

‘వీఏ’ నంబరు

2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఫీజు 20,000 రూపాయలు. 1980ల అంబాసిడర్లకు ఇంకా ఆ వయసు రాలేదు. ఈ నంబరుతో రోజువారీ తిరగడం, కిరాయికి తిప్పడం కుదరదు. ర్యాలీకీ ప్రదర్శనకీ వెళ్లొచ్చు. పెట్రోలు పోయించుకోవడానికీ, మేస్త్రి షెడ్డుకీ కూడా వెళ్లొచ్చు.